మాయ చేసే ముందుజాగ్రత్త

‘కాన్పంటే ఆడదానికి పునర్జన్మ’ అన్న మాట మన ఇళ్లలో అందరం వింటూ పెరిగినదే. మా అక్కకిప్పుడు ఎనిమిదో నెల. ఆ మాటలో నిజమెంతో తెలుసుకుందామని నెత్తురు గురించి చదవడం మొదలుపెట్టాను.

చెయ్యి తెగితే ఫైబ్రిన్ అనే సన్నటి పోగులు వలలా అల్లుకుని నెత్తురు గడ్డకడుతుంది. గాయం మానేటప్పుడు ఆ వలను కరిగించేది ప్లాస్మిన్. కట్టేదీ కరిగించేదీ రెండూ తూకంగా ఉండాలి.

కడుపుతో ఉన్నప్పుడు ఈ తూకం మారుతుంది. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైనే నెత్తురు చేరుతుంటుంది. బిడ్డ పుట్టాక మాయ ఊడగానే అక్కడి రక్తనాళాల నోళ్లు తెరుచుకుంటాయి. గర్భసంచి గట్టిగా ముడుచుకుని వాటిని నొక్కాలి, గడ్డ కరగకుండా నిలవాలి. అందుకే నెలల ముందునుంచే ఒంట్లో గడ్డను కరిగించే పని నెమ్మదిస్తుంది. అలా నెమ్మదింపజేసే పదార్థాల్లో ఒకదాన్ని మాయే తయారుచేస్తుంది. బిడ్డను పోషించే మాయ, తాను ఊడిపోయే రోజుకు తల్లినీ సిద్ధం చేస్తోందన్నమాట!

అయినా కొందరికి నెత్తురు ఆగదు. జపాన్ శాస్త్రవేత్త ఉతాకో ఒకమోతో, భర్త షోసుకేతో కలిసి 1962లో ట్రానెక్సామిక్ యాసిడ్‌ను వెలుగులోకి తెచ్చింది. గడ్డ తొందరగా కరిగిపోకుండా ఆపే మందు అది. పసిబిడ్డను వీపున కట్టుకుని ప్రయోగశాలలో పనిచేసిన మనిషి ఆమె. కాన్పులో పోయే నెత్తురుకు ఈ మందును పరీక్షించమని అడిగితే అక్కడి ప్రసూతి వైద్యులు ఒప్పుకోలేదు. చివరికి 21 దేశాల్లో 20,000 మందికి పైగా తల్లులపై పరీక్షించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. కాన్పయిన మూడు గంటల్లోపు ఇస్తే, నెత్తురు పోయి చనిపోయేవాళ్లు దాదాపు మూడోవంతు తగ్గారు. ఆ మాట వినడానికి ఆమె లేదు. 2016లోనే, 98 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

ఇదంతా మా అవ్వకు చెప్పాను. ఇంట్లోనే నలుగురిని కన్న మనిషి. ఆమె చివరిదాకా విని, ‘‘ఆ మందు మన పిల్ల కాన్పయ్యే ఆసుపత్రిలో ఉంటుందా?’’ అని అడిగింది. కాసేపాగి, ‘‘రాత్రిపూట కూడా?’’ అంది.

మూడు గంటలంటే ఎంతసేపో అవ్వకు బాగా తెలుసు. వచ్చే వారం అక్కతో పరీక్షలకు వెళ్తున్నాను. ఆ రెండు ప్రశ్నలూ ఆమె ఫైలు అట్ట మీద రాసిపెట్టాను.