వేపచెట్టు క్రింద ఊలు బట్టలు

ఆటోనగర్ అనగానే విశాఖవాసులకు లారీలు, రేకుల షెడ్లు, వెల్డింగు మెరుపులు గుర్తుకు వస్తాయి. గాజువాకను ఆనుకొని ఉన్న ఈ పేటలో తెల్లవారింది మొదలు సుత్తి చప్పుడే. రోడ్డు వైపు బట్టలు ఆరవేస్తే సాయంత్రానికి దుమ్ము పట్టి మళ్లీ ఉతకవలసిందే. అందుకే మేము వెనుక పెరట్లో ఆరవేస్తాము. ఒక వేపచెట్టు, ఒక నీళ్ల తొట్టి, ఒక నులక మంచము, ఇదే మా పెరడు.

మార్చి నెల వచ్చిందంటే అక్కడ ఊలు బట్టల పని. విశాఖలో స్వెట్టర్లు ఎందుకని మీరు అడుగవచ్చు. ఇవి మాకు కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి మండలం లంబసింగి వైపు చలికాలంలో కొన్ని రోజులు గడ్డి మీద మంచు పేరుకుంటుంది. ఆ కొండ పల్లెల పిల్లల కొరకు మా సంఘ స్త్రీలు తీరిక వేళల్లో అల్లుతారు. అల్లినవి ఉతికి, ఆరబెట్టి, ఎండు వేపాకు వేసి పెట్టెలో దాచి, డిసెంబరులో తీసుకువెళతాము.

ఊలు ఆరవేయడానికి ఒక పద్ధతి ఉన్నది. తడిసిన ఊలు బరువెక్కుతుంది. తీగ మీద వేలాడదీస్తే సాగిపోయి ఆరేళ్ల పిల్లవాని స్వెట్టరు పన్నెండేళ్ల వానిదవుతుంది. మెలిపెట్టి పిండకూడదు, తువ్వాలులో చుట్టి ఒత్తాలి. తరువాత మంచము మీద దుప్పటి పరచి, చేతులు, మెడ సరిచేసి నీడలో ఆరనివ్వాలి. మండుటెండకు రంగు వెలిసిపోతుంది.

కాపలా కూర్చున్నవారికి పక్షులే తోడు. గోరింకలు తొట్టి అంచున పోట్లాడుకుంటాయి. తోక క్రింద ఎర్రని పిగిలిపిట్ట కొమ్మ మీద నుంచి పిలుస్తుంది. తేనెపిట్ట సాలెగూటి పోగులు ముక్కున పట్టుకొని పోతుంది. షెడ్ల రేకుల సందుల్లో, మా వసారా చూరులో పిచ్చుకలు గూళ్లు కడతాయి.

ఒక సంవత్సరము, మిగిలిన ఊలు పోగులు గూటికి పనికి వస్తాయని వేపకొమ్మకు తగిలించాము. పిచ్చుకలు వాటిని పట్టుకుపోతుంటే మా పిల్లలకు ఎంతో సంబరం. మూడవనాడు చూచేసరికి ఒక పిచ్చుక, కాలికి పోగు చుట్టుకొని, చూరు నుంచి తలక్రిందులుగా వ్రేలాడుతున్నది. నిచ్చెన వేసుకొని చిన్న కత్తెరతో మెల్లగా కోశాము. కాలు వాచిపోయింది. అది ఎగిరి వెళ్లి కొమ్మ మీద ఒంటికాలితో నిలబడింది.

“నాన్నా, మనం మంచే చేశాం కదా?” అని మా అమ్మాయి అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

ఆ ప్రశ్న మమ్మును కొండ పల్లెకు తీసుకుపోయింది. మొదటి సంవత్సరము మేము ఎవరినీ అడుగకుండా, మా పిల్లల కొలతలతోనే అల్లి తీసుకువెళ్లాము. ఒక తల్లి స్వెట్టరును చేతిలోకి తీసుకొని, “బాగుందయ్యగారూ” అని మడిచి దాచుకున్నది. బిడ్డకు తొడుగలేదు. మెడ ఇరుకు, తల దూరదు. ఆమె మమ్మును నొప్పింపక నవ్వింది. మేము ఫోటో తీసుకొని సంతోషముగా తిరిగి వచ్చాము.

యొప్పే కూడా మన విశాఖవలె ఓడరేవు పట్టణమే. అక్కడి దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపించినది ఆమె చేసిన బట్టలనే. ఆమె ఆ విధవరాండ్రను ఎరిగి కుట్టిన స్త్రీ అని మేము తలస్తాము. ప్రేమకు చేతులు ఉంటే చాలదు, అడిగే నోరు, వినే చెవి కూడా ఉండాలి.

మరుసటి సంవత్సరము ఊలు కొనక ముందే టేపు పట్టుకొని కొండ ఎక్కాము. పెరట్లోనూ పద్ధతి మారింది. ఊలు ముక్కలన్నీ ఏరి డబ్బాలో వేస్తాము. పిచ్చుకలకు మట్టి మూకుడులో నీళ్లు, గూటికి ఎండుగడ్డి ఉంచుతాము. వాటి పిల్లలకు ఎక్కువగా పురుగులే ఆహారము గనుక చెట్టుకు మందు కొట్టము. 2010 నుండి మార్చి 20వ తేదీని ప్రపంచ పిచ్చుకల దినముగా పాటిస్తున్నారు. ఆ రోజున మా సండేస్కూలు పిల్లలు మూకుళ్లు కడిగి నింపుతారు.

ప్రియ చదువరులారా, ఈ వేసవిలో మీరు ఎవరికైనా ఏదైనా ఇవ్వదలిస్తే, ముందు ఒక్క మాట అడగండి. పిచ్చుకను సహితము మరువని తండ్రి మన చేతి పనిని సరిదిద్దును గాక.