విన్నమాట

నా వేలి ఉంగరం బిగిసింది. చెప్పుల కొలత పెరిగింది. వయసు ప్రభావమనుకున్నాను. పరీక్షల్లో ఆక్రోమెగలీ అని తేలింది. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఏర్పడి, ఎదుగుదల హార్మోనును అధికంగా స్రవిస్తోందట.

మగత కలిగించే క్లోర్‌ప్రోమజైన్ మాత్రలతో అది తగ్గుతుందని ఒక బంధువు చెప్పగా, శస్త్రచికిత్స మానుకుందామనిపించింది. వైద్యుడు వివరించారు: 1970ల ఆరంభంలో ఆ మందు హార్మోనును తగ్గించిందన్న నివేదిక వెలువడింది, తరువాత పరిశీలించిన రోగులలో ఆ మేలు నిలకడగా కనిపించలేదు.

ఉల్లేఖకులను పరిశీలించకుండా ఏ హదీసునూ స్వీకరించరాదని ముప్పై ఏళ్లుగా విద్యార్థులకు బోధిస్తున్నవాణ్ణి, నా ప్రాణం విషయంలో విన్నమాటనే నమ్మబోయాను! సిగ్గుపడి, శస్త్రచికిత్సకు సమ్మతించాను. ఇప్పుడు ఉంగరం వదులైంది, అల్‌హందులిల్లాహ్.