సత్తు కంచం

మీ ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందనుకోండి, మొదట ఏం చేస్తారు? డాక్టరు దగ్గరికి తీసికెళ్తాం అంటారు. సరే, ఇంటికొచ్చాక? కంచం, గ్లాసు వేరే పెట్టేస్తాం. ఇతరుల మాటెందుకు, ఆ పని నేనే చేశాను. అదీ, ఆ క్రిముల్ని రోజూ మైక్రోస్కోపులో చూసే ఉద్యోగం చేస్తూ!

నాకా పని నేర్పింది మా సారు. మా ల్యాబుకి పెద్ద. సర్వీసంతా క్షయకే ధారపోసిన మనిషి. కళ్లె పరీక్ష అంటే మొదట్లో నేను ముక్కు మూసుకునేదాన్ని. ఆయన మాత్రం పక్కన కూచుని, స్లైడు మీద పల్చగా పూయడం, ఎర్ర రంగు పోసి వేడి చేయడం, యాసిడ్‌తో కడగడం, పైన నీలం వేయడం ఓపిగ్గా చూపించారు. నీలం మీద సన్నటి ఎర్ర పుల్లల్లా కనిపిస్తాయి క్రిములు. "నూరు ఫీల్డులు చూడందే నెగటివ్ అని రాయకమ్మా" అనేవారు. తొంభై దగ్గర ఆపితే ఎలా కనిపెట్టేవారో గాని, మళ్లీ మొదటినుంచీ చూడమనేవారు!

1988లో మా అత్తగారికి దగ్గు పట్టుకుంది. కట్టెల పొయ్యి పొగ వల్లేలే అనుకుని రెండు నెలలు ఊరుకున్నాం. చివరికి ఆవిడ స్లైడు నేనే చూశాను. రెండో ఫీల్డులోనే ఎర్ర పుల్లలు.

ఇంట్లో రెండేళ్ల పిల్లాడు. ఆ రాత్రే అటక మీంచి సొట్టలు పడ్డ సత్తు కంచం దింపి, అత్తయ్యకి వసారాలో అన్నం పెట్టాను. ఆవిడ ఏమీ అనలేదు. తిని, తనే కడుక్కుని, గోడవార బోర్లించుకుంది. అలా పది రోజులు.

మందులు సరిగ్గా వేసుకుంటున్నారో లేదో చూద్దామని సారు ఇంటికొచ్చారు. వసారాలో కంచం చూశారు. కోప్పడలేదు. "ఇన్నాళ్లూ కళ్లెలో చూశావు కదా, కంచాల్లో ఎప్పుడైనా వెతికావా?" అన్నారంతే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

కాఫీ తాగుతూ మద్రాసు సంగతి చెప్పారు. కుర్రతనంలో అక్కడ పనిచేశారట. 1956లో అక్కడ పెట్టిన క్షయ పరిశోధన కేంద్రంలో 193 మంది రోగుల్ని, చీటీలు వేసినట్టుగా, రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి, గాలి. రెండో జట్టు ఇరుకు ఇళ్లలోనే, ఉన్నదేదో తింటూ. మందులు మాత్రం ఇద్దరికీ అవే. ఏడాది గడిచాక చూస్తే ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంత బాగానే కోలుకున్నారు. ఐదేళ్లపాటు గమనించినా, వాళ్ల ఇళ్లలో మిగతావాళ్లకి జబ్బు ఎక్కువేం కాలేదు. 1959లో మొదటి ఫలితాలు అచ్చయ్యాక ప్రపంచంలో చాలాచోట్ల శానిటోరియంల అవసరమే తగ్గిపోయింది.

"అంటుకునేది దగ్గినప్పుడు గాలిలో, అదీ చాలావరకు మందు మొదలెట్టక ముందే. ఆ రెండు నెలలూ పిల్లాడు ఈవిడ ఒళ్లోనే ఉన్నాడు కదమ్మా! వాణ్ణి రేపే పరీక్షకి తీసుకురా. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమను. ఆ కిటికీ తెరువు" అన్నారు. నేను భయపడాల్సిన చోట భయపడకుండా కంచం మీద పడ్డానన్నమాట! పిల్లాడికి ఏమీ లేదని తేలేదాకా నాకు నిద్ర లేదు.

ఇప్పుడైతే మామూలు క్షయకి ఆరు నెలల కోర్సు, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు. రెండు వారాలు దాటిన దగ్గుంటే మాలాగా పొయ్యి మీదకి నెట్టేసి కూర్చోకండి. మా సారు పోయి చాలా ఏళ్లయింది. ఇంటికొచ్చి ఆయన చెప్పకపోతే ఆ సత్తు కంచం ఇంకెన్నాళ్లు వసారాలో ఉండేదో!

ఆ సాయంత్రం అందరితోపాటు వంటింట్లోనే అత్తయ్యకీ పీట వేసి, స్టీలు కంచం పెట్టాను. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి, "నా కంచం ఏదే?" అంది.

"ఇదే అత్తయ్యా" అన్నాను.

నా మొహంకేసి ఓసారి చూసి కూర్చుంది. ఆ పూట రెండోసారి పెరుగు అడిగి వేయించుకుంది.