బొగ్గుకూ ఒక ఏడాది

మా ఊళ్ళలో ఏడాదిని పండుగలతో లెక్కపెడతాం. ఎండల్లో భూమి పండుగ చేసి గాని విత్తనం మీద చెయ్యి వెయ్యం. కొత్తల పండుగ కాకుండా కొత్త గింజ నోట పెట్టం. బొగ్గు గనికి కూడా ఇలాంటి ఏడాది ఒకటుంది. అది ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. మా వాళ్ళు కొందరు ఈ రెండో ఏడాదిలోకి మారిపోయారు. దాని గురించి ఎవరూ వాళ్ళకి ముందు చెప్పలేదు.

మేము అంటే పోలవరం, బుట్టాయగూడెం వైపు నుంచి వచ్చి టీచర్ ట్రైనింగ్ చేసి బడుల్లో చేరిన కోయ, కొండరెడ్డి కుర్రాళ్ళం. ఇప్పుడు కుర్రాళ్ళం కాదు, నలభైలు దాటాయి. ట్రైనింగ్ బొమ్మూరు డైట్‌లో. కొందరం రాజమండ్రిలోనే కాపురాలు పెట్టాం, పిల్లల చదువుల కోసం. ఊరు వదల్లేదు, వారానికోసారి వెళ్తాం. వెళ్ళినప్పుడల్లా పది పాసయిన పిల్లలు, ఇంటర్ తప్పిన పిల్లలు ఒకటే అడుగుతున్నారు: "సార్, సత్తుపల్లి ఓసీలో డంపర్ మీద పని ఉందంట. వెళ్ళమంటారా?"

ఓసీ అంటే ఓపెన్ కాస్టు. వెళ్ళమనీ వద్దనీ ఒక్క మాటలో చెప్పడానికి మాకు నోరు రాదు. అందుకే ఈ నాలుగు పేజీలు.

ట్రైనింగ్ రోజుల్లో సాయంత్రాలు గోదావరి గట్టున కూర్చునేవాళ్ళం. వంతెన మీద బొగ్గు గూడ్సు బండి వెళ్తుంటే పెట్టెలు లెక్కపెట్టడం మా ఆట. యాభై దాటాక ఎవరో ఒకరు తప్పేవాళ్ళు, మళ్ళీ తగువు. ఆ బొగ్గులో మా ఎగువ నుంచి వచ్చేది కూడా ఉంటుందని అప్పుడు తెలియదు. భద్రాచలం రోడ్డు అని పేరున్న కొత్తగూడెం స్టేషను నుంచి రాజమండ్రికి బొగ్గు రావాలంటే డోర్నకల్, విజయవాడ చుట్టి కొవ్వూరు మీదుగా రావాలి. కొత్తగూడెం నుంచి నేరుగా కొవ్వూరుకి రైలు వేస్తామని మా తాతల కాలం నుంచి అంటున్నారు. చివరికి వేశారు, సత్తుపల్లి దాకా. రైల్వే, సింగరేణి కలిసి డబ్బు పెట్టుకుని 54 కిలోమీటర్లు వేసుకున్నాయి. 2022లో దాని మీద బొగ్గు కదిలింది. బొగ్గు ఉన్నంత దాకా పట్టాలు వచ్చాయి. అక్కణ్ణించి కొవ్వూరు దాకా ఉన్నది మనుషులే కాబట్టి ఆ ముక్క ఇంకా కాగితం మీదే ఉంది.

గోదావరికి, బొగ్గుకి చుట్టరికం ఉంది. పాతికకోట్ల ఏళ్ళ పైమాట. అప్పుడు ఈ లోయ ఒక పెద్ద పల్లం. అడవులు పడి, మట్టి కప్పి, దాని మీద మళ్ళీ మట్టి పడి బొగ్గయింది. ఆ పొరలు మహారాష్ట్ర వైపు నుంచి ఆసిఫాబాదు, బెల్లంపల్లి, రామగుండం, మణుగూరు, కొత్తగూడెం మీదుగా దిగి ఏలూరు జిల్లా చింతలపూడి దాకా వస్తాయి. ఈ రాళ్ళకి 1872లో మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 'గోండ్వానా' అని పేరు పెట్టాడు. గోండుల దేశం అని. మన గోండు అన్నదమ్ముల పేరు ప్రపంచంలోని భూగోళం పుస్తకాలన్నిటిలో ఉంది. దక్షిణార్ధగోళమంతా కలిసి ఉన్న పాత ఖండానికి కూడా అదే పేరు. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు మా పిల్లల మొహాలు చూడాలి. మాస్టార్లు ఎవరైనా ఈ పాఠం చెప్పకుండా దాటేస్తుంటే దయచేసి దాటెయ్యకండి.

ఇల్లందు కథ అందరికీ తెలిసిందే. భద్రాచలం వెళ్ళే యాత్రికులు దారిలో నల్లరాళ్ళతో పొయ్యి పెట్టుకుంటే రాళ్ళే అంటుకున్నాయని చెప్పుకుంటారు. 1871లో జియలాజికల్ సర్వే నుంచి విలియం కింగ్ వచ్చి బొగ్గు ఉందని తేల్చాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీకి హక్కులు దక్కాయి. 1889 నుంచి తవ్వడం మొదలు. పక్కనున్న సింగరేణి అనే ఊరి పేరు కంపెనీకి వచ్చింది. 1920 డిసెంబరు 23న ఆ పేరుతోనే రిజిస్టరైంది. ఇల్లందుకి జనం పెట్టుకున్న పేరు బొగ్గుట్ట. ఈ కథలో మాకు ఒకటే వెలితి. పొయ్యి వెలిగించిన యాత్రికులు ఉన్నారు, పరీక్ష చేసిన దొర ఉన్నాడు. ఆ గుట్టల మీద అప్పటికే కాపురం ఉన్నవాళ్ళు మాత్రం ఎక్కడా కనబడరు. వాళ్ళకి ఆ రాయి మండుతుందని తెలియకుండా ఉంటుందా?

మన జిల్లాలోనూ వెతికారు. బుట్టాయగూడెం మండలంలో బెడదనూరు ఉంది. ఇంగ్లీషు కాగితాల్లో 'బెడ్డదానోల్' అని రాసుకున్నారు. కింగే అక్కడా తిరిగాడు. బొగ్గు ఉన్న మాట నిజమే గాని పెద్ద గని లేవలేదు, నాణ్యత అంతంతమాత్రం. ఆ ఊళ్ళు ఇవాళ్టికీ ఊళ్ళుగా ఉన్నాయంటే అది ఒక కారణం. ఇల్లందుకి మంచి బొగ్గు దొరకడం అదృష్టమో, బెడదనూరుకి దొరక్కపోవడం అదృష్టమో, మేము పందెం కాయలేం. గని వచ్చిన ఇల్లందు కూడా ఒకప్పటిలా లేదు. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, పెద్దాఫీసు ఏనాడో కొత్తగూడెం వెళ్ళిపోయింది.

ఇప్పుడు బొగ్గు ఏడాది సంగతి. ఏప్రిల్‌లో కొత్త టార్గెట్ వస్తుంది. ఏప్రిల్, మే ఓసీలో నరకం. క్వారీ అడుగున చెట్టు ఉండదు, గాలి ఆడదు, నల్లబొగ్గు ఎండని తాగి మళ్ళీ మన మొహాన కక్కుతుంది. బయటపడ్డ బొగ్గు కొన్నిచోట్ల తనంతట తానే రాజుకుని పొగ పెడుతుంది. అయినా ఆ రెండు నెలలే ముఖ్యం. వానలు వచ్చే లోపు పైమట్టి ఎంత తీస్తే అంత మంచిది. ఆ మట్టిని ఓబీ అంటారు. బొగ్గు పైన ఉన్నదంతా, అది పొలమైనా అడవైనా ఇప్పపూలు ఏరిన జాగా అయినా, కంపెనీ లెక్కలో ఓబీయే. జూన్‌కి ముందే క్వారీ చుట్టూ కాలవలు తవ్వి, అడుగున నీళ్ళు చేరడానికి గుంట తీసి మోటార్లు బిగిస్తారు.

జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా దెబ్బ కాలం. ఒక్క రాత్రి గట్టి వాన పడితే తెల్లారేసరికి క్వారీ చెరువు. డంపర్లు తిరిగే మట్టిరోడ్డు జారుడుబండ అవుతుంది. షావల్ మునగకుండా పై బెంచీకి ఎక్కించడమే పెద్ద పని. మట్టి కుప్పలు జారతాయి. ఉత్పత్తి పడిపోయిందని పేపర్లో నాలుగు లైన్లు వస్తాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చింది. 1986 తరవాత అంత నీరు అదే. ఆ వారం మేము ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నిలబడి చూస్తే నది సముద్రంలా ఉంది, పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. ఎగువన గనులూ ఆగాయి, మా చింతూరు, కూనవరం వైపు చుట్టాల ఇళ్ళూ మునిగాయి. పేపరు టన్నుల్లో నష్టం రాసింది.

భూగర్భ గనికి వాన నేరుగా తగలదు గాని నీరు దారి వెతుక్కుంటుంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీలో నీళ్ళు ఒక్కసారిగా విరుచుకుపడి 17 మంది కార్మికులు పోయారు. పాత తవ్వకాల్లో నిలిచిన నీళ్ళు పక్క గోడ అవతలే ఉంటాయి. వాటి హద్దులు చూపే మ్యాపు సరిగ్గా లేకపోతే బొగ్గు కొట్టేవాడికి అవతల ఏముందో తెలియదు. పిల్లలకి మ్యాపు పాఠం చెప్పేటప్పుడు మేము ఈ సంగతి కూడా చెబుతాం. మ్యాపు మార్కుల కోసం మాత్రమే కాదని వాళ్ళకి అప్పుడు తెలుస్తుంది.

దసరా ముందర లాభాల వాటా. సింగరేణి వాళ్ళు ఏడాదంతా ఎదురుచూసేది ఇదే. 2023-24లో కంపెనీ 70 మిలియన్ టన్నుల బొగ్గు తీసింది. విస్తరణకి పక్కన పెట్టగా మిగిలిన లాభంలో 33 శాతం, అంటే 796 కోట్లు, కార్మికులకి పంచారు. ఒక్కొక్కరికి సగటున 1.9 లక్షలు. మంచిదే, వాళ్ళు కొట్లాడి తెచ్చుకున్న హక్కు అది. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికులకి మొట్టమొదటిసారి ఇచ్చారు, తలకి 5,000. మా పిల్లలు వెళ్ళేది ఈ రెండో లైన్లోకి. 1990ల మొదట్లో సింగరేణిలో పర్మినెంటు కార్మికులు లక్ష పైన. ఇప్పుడు నలభై వేల దగ్గర. బొగ్గు మాత్రం అప్పటికి మూడు రెట్లు దాటింది. తట్టా చెమ్మస్ పట్టిన చేతుల స్థానంలో యంత్రాలు వచ్చాయి. ఓబీ తీసే పని ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతికి వెళ్ళింది. మిగిలిన పర్మినెంటు ఉద్యోగాల్లో చాలావరకు తండ్రి దిగిపోతే కొడుక్కి వచ్చేవి. మన తండ్రులు ఆ మస్టర్ పుస్తకంలో లేరు.

మా బావ వరస కుర్రాడు ఒకడు ఇలాగే వెళ్ళాడు. ఏ కాంట్రాక్టరో, ఏ క్వారీయో ఇక్కడ వద్దు. అక్టోబరు నుంచి మార్చి దాకా పని దండిగా ఉంది. జనవరి వచ్చిందంటే టార్గెట్ తరుముతుంది, ఆదివారం కూడా రమ్మంటారు. డబ్బు ఇంటికి పంపాడు, వాళ్ళమ్మకి కళ్ళ ఆపరేషను చేయించాడు. జులై వచ్చింది. "వాన తగ్గాక కబురు పెడతాం" అన్నారు. తిరిగొచ్చాడు. వచ్చేసరికి ఇక్కడ నాట్లు అయిపోవచ్చాయి. తన పొలం పక్కవాడికి పాలికిచ్చి ఉన్నాడు. అంటే గని పని లేని నెలలూ మన పొలం పని ఉండే నెలలూ ఒకటే. ఇదేదో కలిసొచ్చే సంగతి అనుకున్నాం మొదట్లో. వానాకాలం సేద్యం, ఎండాకాలం గని, రెండూ చేసుకోవచ్చు కదా అని. కుదరదు. కబురు ఎప్పుడొస్తుందో తెలియదు, నాలుగు రోజులు వాన తెరిపిస్తే రమ్మంటారు, రాకపోతే ఆ సీటులో ఇంకొకడు ఉంటాడు. అరక కట్టినవాడు మధ్యలో వదిలి వెళ్ళలేడు. మూడో ఏడు మావాడు అరక కట్టడమే మానేశాడు. ఇప్పుడు వాడికి మా పండుగ తేదీలు ఫోన్ చేసి చెప్పాలి.

అందుకని వెళ్ళే పిల్లలతో ఇదే అంటున్నాం. తమ్ముడూ, వెళ్తే వెళ్ళు. పొలం పాలికిచ్చినా కాగితం రాయించుకో. పీఎఫ్ నంబరు మొదటి నెలలోనే అడుగు. చేతికి నగదు ఇచ్చి సంతకం పెట్టించుకుంటే ఎంతకి పెడుతున్నావో చదివి పెట్టు. వెల్డింగో ఎలక్ట్రీషియనో ఐటీఐ సర్టిఫికెట్ ఒకటి చేతిలో ఉంటే వానాకాలంలో కూడా నీ అవసరం ఉంటుంది, క్లీనరుగా వెళ్తే ఉండదు. చెల్లెళ్ళకి వేరే మాట చెప్పాలి గాని, వాళ్ళకి గనిలో దారి ఇంకా సన్నం.

రేపటి సంగతి ఇంకొకటి ఉంది. చింతలపూడి ప్రాంతంలో బొగ్గు బ్లాకులు కేంద్రం వేలం జాబితాలోకి వచ్చాయి. పొరలు లోతుగా ఉన్నాయి, తియ్యడం ఖర్చు. అందుకే ఇన్నాళ్ళూ ఊరుకున్నారు. ఎల్లకాలం ఊరుకోరు. ఇక్కడ చట్టం గురించి మా వాళ్ళలో ఒక ధీమా ఉంది. 1997 జులై 11న సుప్రీంకోర్టు సమతా కేసులో, షెడ్యూల్డ్ ఏరియాలో సర్కారు భూమిని గనుల కోసం గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదంది. బొర్రా గుహల వైపు మన వాళ్ళ పోరాటం అది. గర్వపడాల్సిందే. కాని ఆ తీర్పు ప్రభుత్వ సంస్థని ఆపదు, గిరిజన సహకార సంఘానికీ అడ్డు చెప్పదు. పైగా చింతలపూడి షెడ్యూల్డ్ ఏరియా బయట ఉంది. అక్కడున్న మన పేటలకి 1/70 చట్టం అండ లేదు. ఇంకో చిత్రం చూడండి. మన ఆంధ్ర ఖనిజాభివృద్ధి సంస్థ మధ్యప్రదేశ్‌లో సింగ్రౌలి దగ్గర సులియారిలో బొగ్గు తవ్వుతోంది. ఆ దేశంలోనూ గోండులు ఉన్నారు. వాళ్ళకి మనం, అంటే మన రాష్ట్రం, బయటివాడు.

గని రాగానే మొదట పోయేది బావి. క్వారీ నీళ్ళు తోడుతూ ఉంటే చుట్టుపక్కల భూమిలో నీటిమట్టం జారుతుంది. అప్పుడు ఊరివాళ్ళు "మా బావి ఇదివరకు ఎండేది కాదు" అంటారు. ఇదివరకు ఎంత లోతులో ఉండేదని ఆఫీసరు అడుగుతాడు. ఎవరి దగ్గరా రాత ఉండదు. నోటి మాట ఫైల్లోకి ఎక్కదు.

అందుకని పోయిన వేసవి సెలవుల్లో మేము కొందరం మాస్టార్లం, తొమ్మిదో తరగతి పిల్లలు కలిసి మా మూడు ఊళ్ళలో బావులు, బోర్లు తిరిగాం. తాడుకి రాయి కట్టి, అడుగుకో ముడి వేసి, నీటిమట్టం ఎంత లోతులో ఉందో కొలిచాం. తేదీ, బావి ఎవరిది, ఎన్ని ముడులు, అంతే. పెద్ద నోటుబుక్కులో పిల్లలే రాశారు. మొదట పెద్దవాళ్ళు నవ్వారు. ఇప్పుడేం గని లేదు కదా, ఈ కొలతలెందుకు మాస్టారూ అన్నారు. లేనప్పుడే కొలవాలి పెదనాన్నా అన్నాం. వాన కొలవడానికి ఒక పిల్ల సీసా కోసి బడి అరుగు మీద పెట్టింది, దానికి వేరే పేజీ. కార్తీకం వెళ్ళాక మళ్ళీ అదే తాడు తీసుకుని తిరుగుతాం. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు ఎవరైనా మాస్టార్లు ఇది మొదలుపెడితే తాడు ముడుల లెక్క ఒకటే పెట్టుకుందాం, రేపు పక్కపక్కన పెట్టి చూడటానికి వీలుగా ఉంటుంది.