ఎఫ్1 నొక్కండి బాబాయ్

మా డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో మూలన ఒక మిషన్ ఉంది. అందరం సర్వర్ అంటాం గానీ అది గ్రాఫిక్స్ కార్డు పెట్టిన మామూలు డెస్క్‌టాపే. ఫైనలియర్ ప్రాజెక్టు కింద మేం నలుగురం తెలుగు చేతిరాతను చదివే మోడల్ ఒకటి దాని మీదే ట్రైన్ చేస్తున్నాం. పనంతా హాస్టల్ రూములోంచే, ఎస్‌ఎస్‌హెచ్‌లో. ఆ మిషన్ ఎదురుగా కూర్చున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

సెలవుల్లో ల్యాబ్ యూపీఎస్ ఆపేస్తారు. కరెంటు పోతే మిషన్ పోతుంది. కరెంటు రాగానే అదే ఆన్ అవుతుంది గానీ లినక్స్ దాకా రాదు. మధ్యలో ఎఫ్1 నొక్కమని అడిగి ఆగిపోతుంది. ఎవరో ఒకరు వచ్చి కీబోర్డు మీద ఆ ఒక్క కీ నొక్కాలి. ల్యాబ్ తాళాలు ఉండేది ల్యాబ్ అసిస్టెంట్ దగ్గర. మేం ఆయన్ని బాబాయ్ అంటాం. ఊరికి అవతల పల్లెలో ఉంటారు, కాలేజీకి రావాలంటే రెండు బస్సులు మారాలి. మోకాళ్ళ నొప్పులు కూడా.

మొన్న దసరా సెలవుల్లో మూడుసార్లు అలా పిలిచాం. మూడోసారి పండగ రోజే. ఇంట్లో కూతురూ అల్లుడూ వచ్చి ఉన్నారని ఆయన చెప్పలేదు, కానీ ఫోన్లో వెనకాల పిల్లల అల్లరి వినిపిస్తూనే ఉంది. "వస్తాలే అబ్బాయ్, పదకొండుకి బస్సుంది" అన్నారు. ల్యాబ్‌కి చేరాక మళ్ళీ ఫోన్ చేశారు.

"ఎఫ్1 పైన ఇంకేదో కూడా రాసుందబ్బాయ్, బ్యాటరీ అనో ఏదో..."

"అదేం పట్టించుకోకండి బాబాయ్. ఎఫ్1 నొక్కేయండి."

నొక్కేశారు. రెండు నిమిషాల్లో పింగ్ వచ్చింది. థ్యాంక్స్ చెప్పి పెట్టేశాను. ఆ రోజు ఆయన ఇంటికి చేరేసరికి అందరి భోజనాలూ అయిపోయాయని తరవాత ఇంకెవరో చెబితే తెలిసింది.

అది విన్న రాత్రే మేం తీర్మానించుకున్నాం. ఇక ఆయన్ని పిలవకూడదు, దూరం నుంచే ఎఫ్1 నొక్కాలి. ఎస్‌ఎస్‌హెచ్ దీనికి పనికిరాదు, ఎందుకంటే అది ఆపరేటింగ్ సిస్టమ్ లోపల బతికే ప్రాణి. బయాస్ దగ్గర ఆగిపోయిన మిషన్‌లో అవతల తలుపు తీసేవాడే ఉండడు. అసలైన సర్వర్ బోర్డుల్లో ఈ పనికి ఐపీఎంఐ అని విడిగా ఒక ఏర్పాటు ఉంటుంది. మాది పేరుకే సర్వర్ కదా. కాబట్టి మిగిలింది కేవీఎం ఓవర్ ఐపీ. కీబోర్డు, వీడియో, మౌస్, ఈ మూడింటినీ నెట్‌వర్క్ మీదుగా పంపే పెట్టె. (వర్చువల్ మిషన్ల కేవీఎం వేరు. క్లాసులో సగం మంది అదే అనుకుని నాకు సలహాలిచ్చారు.) రెడీమేడ్‌వి మా బడ్జెట్‌కి అందవు. రాస్ప్‌బెర్రీ పై 4 సీనియర్ దగ్గర అప్పు తీసుకుని, హెచ్‌డీఎంఐ క్యాప్చర్ బోర్డు కొని, పైకేవీఎం అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఎస్‌డీ కార్డులో ఎక్కించాం. సాయంత్రానికల్లా అయిపోతుందనుకున్నాం. తొమ్మిది రోజులు పట్టింది.

మొదటి రోజు వెబ్ పేజీ చక్కగా తెరుచుకుంది, లోపల 'నో సిగ్నల్'. రిబ్బన్ కేబుల్ తిరగేసి పెట్టామేమోనని మూడుసార్లు తీసి పెట్టాం. చివరికి దొంగ ఎవరంటే స్ప్లిటర్. బాబాయ్ కోసం ఉంచిన మానిటర్ తీసేయడం ఇష్టంలేక, మధ్యలో హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ పెట్టి బొమ్మని రెండువైపులా పంపాం. కంప్యూటర్ బొమ్మ పంపేముందు అవతలి తెర ఏం చూపించగలదో అడుగుతుంది. ఆ జవాబునే ఈడీఐడీ అంటారు. మా స్ప్లిటర్ మానిటర్ చెప్పిన జవాబునే అందించింది, 1080పీ, సెకనుకి 60 ఫ్రేములు. మా క్యాప్చర్ బోర్డు చిప్పు 1080పీలో 50 దాకానే మింగగలదు. స్ప్లిటర్ తీసేసి నేరుగా కలపగానే మా లాగిన్ స్క్రీన్ ల్యాప్‌టాప్‌లో ప్రత్యక్షం. ఆ రాత్రి మెస్‌లో పెరుగన్నం కూడా బిర్యానీలా తిన్నాం.

మర్నాడు కీబోర్డు మొండికేసింది. బొమ్మ కనిపిస్తోంది, ఎంత టైప్ చేసినా ఒక్క అక్షరం కదలదు. పై 4లో నాలుగు పెద్ద యూఎస్‌బీ పోర్టులున్నా, కీబోర్డులా నటించగలిగేది పవర్ ఎక్కే యూఎస్‌బీ-సీ పోర్టు ఒక్కటే. అందుకే పవర్‌కీ డేటాకీ చీలిపోయే వై కేబుల్ పెట్టాం. అంతవరకూ సరిగ్గానే చేశాం. కానీ అక్కడి నుంచి మిషన్‌కి వెళ్ళే వైరు నా డ్రాయర్లో దొరికిన పాత ఫోను వైరు. రెండు రోజులు లాగ్‌లు చదివాం, కాన్ఫిగరేషన్ మార్చాం, కార్డు మళ్ళీ ఫ్లాష్ చేశాం. చివరికి మా రూమ్మేట్ విసుగొచ్చి ఆ వైరుతో తన ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి పెట్టాడు. ఛార్జింగ్ ఎక్కుతోంది, ఫైళ్ళు కనిపించడంలేదు. లోపల డేటా తీగలే లేవు. దాన్ని చెత్తబుట్టలో వేస్తే మళ్ళీ ఎవరైనా తీసుకుంటారని కత్తెరతో రెండు ముక్కలు చేశాడు.

ఇక అసలు పరీక్ష. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాం. మిషన్ లేచింది, ల్యాప్‌టాప్‌లో నల్లటి తెర మీద తెల్ల అక్షరాలొచ్చి ఆగాయి. ఎఫ్1 నొక్కాను. ఏం లేదు. మళ్ళీ నొక్కాను. లినక్స్‌లో బాగానే పనిచేసిన కీబోర్డు బయాస్‌లో చచ్చిపోయింది. కొన్ని బయాస్‌లకి కీబోర్డూ మౌసూ కలిసి ఒకే యూఎస్‌బీ పరికరంగా వస్తే అర్థం కాదట. మౌస్‌ని ఆపేసి చూడమన్నారు డాక్యుమెంటేషన్‌లో. దానికి కాన్ఫిగరేషన్ ఫైలు మార్చాలి. ఆ సిస్టమ్ ఎప్పుడూ రీడ్-ఓన్లీగా ఉంటుంది, ముందు రైట్ మోడ్‌లోకి తేవాలి. తెచ్చాం. యామల్‌లో ఖాళీలు తప్పు పెట్టాం, సర్వీసు లేవలేదు. సరిచేశాం. ఇదంతా గంటన్నర. ఆ గంటన్నరా నా ఎదుట ల్యాప్‌టాప్‌లో అదే నల్లటి తెర.

మౌస్ ఆపి, పై రీస్టార్ట్ అవుతుంటే ఊరికే కూర్చోలేక ఎదురుగా ఉన్న మానిటర్ తగిలించి, దాని మీద ఉన్నది చదివాను. మొదటిసారి, పైనుంచి కిందికి. ఎఫ్1 లైన్ చివర్లో ఉంది. దాని పైన సీమాస్ బ్యాటరీ అయిపోయిందని రాసి ఉంది.

మదర్‌బోర్డు మీద నాణెమంత సెల్లు. సీఆర్2032, మూడు వోల్టులు. కరెంటు లేనప్పుడు టైమునీ సెట్టింగులనీ కాపాడేది అదే. అది చచ్చిపోవడం వల్లే కరెంటు పోయినప్పుడల్లా బయాస్ అన్నీ మరిచిపోయి, సాయం కోసం ఆగుతోంది. రెండు మూడు సమోసాల ఖరీదు చేస్తుంది.

పక్కవాళ్ళకి వెంటనే చెప్పలేదు. పండగ రోజు బాబాయ్ గొంతు వినిపించింది, "బ్యాటరీ అనో ఏదో". నా జవాబు కూడా. ఫైనలియర్ కంప్యూటర్ సైన్స్, నాలుగో సంవత్సరం, ఆయన చదివి వినిపిస్తుంటే ఆపమన్నది నేనే. ఈలోగా పై లేచింది. ఎఫ్1 నొక్కితే పనిచేసింది. మావాళ్ళు గట్టిగా అరిచారు, నేనూ అరిచాను.

సోమవారం బాబాయ్‌కి చెప్పాను. సారీ అనేది నోట్లోనే నలిగింది. ఆయన "అదా" అని ఊరుకున్నారు. మధ్యాహ్నం బస్టాండ్ దగ్గర వాచీల షాపులో సెల్లు కొనుక్కొచ్చి, కేసు తెరిచి, గోటితో పాతది లేపి కొత్తది నొక్కారు. డబ్బులిస్తే తీసుకోలేదు.

పెట్టె మాత్రం ఇంకా మిషన్ వెనకే ఉంది. కెర్నల్ అప్‌డేట్ చెడినప్పుడు నిజంగానే ఆదుకుంది. డీఫాల్ట్ పాస్‌వర్డు మార్చి, నెట్‌వర్క్ చూసే సార్ అనుమతితో క్యాంపస్ లోపలికే పరిమితం చేశాం.

మొన్న ఆదివారం వర్షానికి రాత్రంతా కరెంటు లేదు. పొద్దున్నే ఫోన్.

"కరెంటు పోయిందట కదబ్బాయ్, రావాలా?"

"వద్దు బాబాయ్, మిషన్ నడుస్తోంది."

కాసేపు ఆగి అడిగారు. "అదే లేచిందా, మీరు లేపారా?"

"అదే లేచింది."

"ఆఁ, అయితే సరే" అని పెట్టేశారు.