హాల్ బ్యాటరీ సంగతి, మామ మీద పడ్డ మాట

మన హాల్ బ్యాటరీ మీద పదిరోజులుగా గ్రూపులో నడుస్తున్న మాటలు చూస్తున్నాను. చూసి ఊరుకుందామనుకున్నా. కానీ "ఇంట్లో చేసింది ఇంతే ఉంటది" అనే దగ్గర మొదలై "పాత సెల్లులు పెట్టి కొత్తవాటి పైసలు తీసుకుండు" అనే దాకా పోయింది. ఆ బ్యాటరీ కట్టిన మామ పేరు ఇక్కడ రాయను, ఆయనకు ఇష్టం ఉండదు. పూర్వ భాగంలో సాంచాలు నడిపేవాళ్లలో ఆయన తెలియనివాళ్లు తక్కువ. ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను, గ్రూపులో లేడు. జవాబు చెప్పుకోవడానికి లేని మనిషి మీద మాట పడింది. సాంచాల మోటార్లు రివైండింగ్ చేసుకునేవాణ్ణి కాబట్టి నాకు ఈ పని కొంత తెలుసు. పొడుగ్గా ఉంటది, ఓపికతో చదవండి.

జరిగింది అందరికీ తెలుసు. దీపావళి ముందర మన సభ్యుడి బిడ్డ నిశ్చితార్థం హాల్లో పెట్టుకున్నారు. మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. నాలుగు ఫ్యాన్లు, ఆరు ట్యూబ్‌లైట్లు బ్యాటరీ మీద నడిచాయి. పోయిన ఎండాకాలం ఇదే లోడ్ మీద ఐదు గంటలు వచ్చిన బ్యాటరీ మూడు గంటలు కూడా రాలేదు. మగపెండ్లివాళ్లు బంతిలో కూర్చున్నప్పుడు చీకటి. ఆ తండ్రికి కోపం రావడంలో తప్పులేదు. మర్నాడే కొత్త బ్యాటరీకి చందా మొదలైంది.

ముందు లోపల ఏముందో చెప్తా. 3.2 వోల్టుల సెల్లులు ఎనిమిది, ఒక్కోటి 100 ఆంపియర్ అవర్లు, వరుసగా కలిపితే 25.6 వోల్టులు. లిథియమే గానీ ఫోన్లలో ఉండే రకం కాదు, ఐరన్ ఫాస్ఫేట్ రకం. పైన బీఎంఎస్ అనే చిన్న బోర్డు, ఎనిమిదింటికీ కాపలా. ఎనిమిది బిందెలు పక్కపక్కన పెట్టారనుకోండి. పోస్తే అన్నింట్లో ఒకేసారి ఒక్కో చెంబు పోయాలి, తీస్తే అన్నింట్లోంచి ఒకేసారి ఒక్కో చెంబు తీయాలి. ఏ ఒక్కటి పొంగబోయినా పోయడం ఆపాలి, ఏ ఒక్కటి అడుగంటినా తీయడం ఆపాలి. మిగతా ఏడింట్లో ఎంత ఉన్నా లెక్కలేదు. బీఎంఎస్ చేసేది ఇదే. నిశ్చితార్థం రోజు అది చెడిపోలేదు, తన పని తాను చేసింది.

గ్రూపులో ఒక తమ్ముడు మీటరు పెట్టి ఫోటో పెట్టాడు. కొన్ని సెల్లులు 3.33, కొన్ని 3.30. "తేడా ఏం లేదు, సెల్లులన్నీ ఒక్కతీరే ముసలివైనయి" అని కింద రాశాడు. మీటరు పెట్టడం మంచిదే. కానీ ఈ రకం సెల్ వోల్టేజి మధ్యలో దాదాపు కదలదు. సగం ఖాళీ అయినా, ముప్పావు నిండినా చూడటానికి ఒక్కలాగే ఉంటది. అక్కడ 0.03 అంటే చిన్న తేడా కాదు, ముప్పై నలభై ఆంపియర్ అవర్లు కూడా కావచ్చు. అసలు సంగతి రెండు కొసల్లోనే బయటపడుతుంది. నిండే చివర చూడాలి, ఖాళీ అయ్యే చివర చూడాలి.

అందుకని పోయిన ఆదివారం మామను కూర్చోబెట్టి, ఆయన ముందరే మూత తీశాను. 20 ఆంపియర్లతో ఛార్జింగ్ పెట్టి, సెల్ సెల్‌కూ మీటరు పెట్టి కాగితం మీద రాస్తూ పోయాం. బీఎంఎస్ చూపించే అంకెలు నమ్మలేదు. దాని సన్నవైరు వదులైనా అంకె తప్పుతుంది. చివరికి 7వ సెల్ 3.65 తాకింది, బీఎంఎస్ ఛార్జింగ్ కట్ చేసింది, ఛార్జర్ పచ్చలైటు వెలిగి "నిండింది" అంది. ఆ క్షణాన 5, 6, 8 కూడా 3.50 దగ్గర. మరి 1, 2, 3, 4? నాలుగూ 3.36 మీదే ఉన్నాయి. అంటే నిండలేదు.

తర్వాత ఫ్యాన్లన్నీ వేసి ఖాళీ చేశాం. మొదట పడిపోయినవి అవే 1 నుంచి 4. చివరిదాకా నిలబడినవి 5 నుంచి 8.

ఇక్కడే మామ మీద పడ్డ మాటకు జవాబు ఉంది. నిండేటప్పుడు అందరికన్నా ముందు నిండి, తీసేటప్పుడు కూడా అందరికన్నా ముందు ఖాళీ అయితే అది చిన్న బిందె. ఆ సెల్ అరిగిపోయింది, మార్చాల్సిందే. కానీ మన దగ్గర వెనక నిండినవే ముందు ఖాళీ అయ్యాయి. బిందెలు చిన్నవి కాలేదు, వాటిలో నీళ్లు తక్కువున్నాయి, అంతే. పాత సెల్లులు అయితే ఇట్లా ఉండదు. పైగా పక్కపక్కన ఉన్న నాలుగు సరిగ్గా ఒక్క కొలత వెనకపడ్డాయంటే వాటిలోంచి ఎవరో తోడుతున్నట్టే.

మామ చెయ్యి పెట్టి 4వ సెల్ పట్టీ కిందినుంచి ఒక సన్న ఎర్రవైరు లాగాడు. "ఇది నేను ఏసింది కాదురా" అన్నాడు.

ఆ వైరు పట్టుకుని పోతే గోడ మీద మార్కండేయుడి ఫోటో దగ్గర తేలింది. రాఖీ పున్నమి రథానికి ముందు పిల్లలు ఫోటో చుట్టూ ఎల్ఈడీ పట్టీ పెట్టారు కదా, అది 12 వోల్టులది. 24లో సగం 12 అని మొదటి నాలుగు సెల్లుల మీదనుంచి తీశారు. భక్తితో చేశారు, ఎవరినీ ఏమీ అనట్లేదు. మూడు వాట్ల లైటు, గంటకు పావు ఆంపియర్ కూడా కాదు. సాయంత్రం హాల్ తెరిచిన మూడు గంటలు వెలిగితే రోజుకు 0.7 ఆంపియర్ అవర్లు. అరవై రోజులకు 40 దాటుతుంది. మొత్తం 100లో 40! బీఎంఎస్ సరిచేస్తది కదా అంటారేమో. అది నిండిన సెల్‌లోంచి 0.05 ఆంపియర్ కాల్చి సమం చేస్తుంది, అదీ నిండే చివర కాసేపే. ఈ తేడా తీర్చాలంటే దానికి 800 గంటలు కావాలి, ఈలోపు లైటు మళ్లీ తోడుతూనే ఉంటుంది.

పట్టీల బోల్టులు కూడా చూశాను. లోడ్ మీద సెల్ కొనల దగ్గర ఒక అంకె, పట్టీ మీద ఇంకో అంకె వస్తే బోల్టు వదులైనట్టు. మామ బిగించినవి ఒక్కటీ కదల్లేదు.

బాగుచేసింది ఇట్లా. ఆ వైరు తీసేశాం. ఫోటో లైటుకు 24ను 12 చేసే చిన్న కన్వర్టర్ కొని, మొత్తం ఎనిమిదింటి మీదనుంచి ఇచ్చాం. ఇప్పుడు తోడినా అన్నింట్లోంచి సమంగా తోడుతుంది. వెనకబడ్డ నాలుగింటికీ నా దుకాణంలోని పవర్ సప్లై తెచ్చి, ముందుగానే 3.55 వోల్టులకు కట్టేసి, 10 ఆంపియర్లతో ఒక్కొక్కటిగా నింపాం. ఒక్కోదానికి నాలుగు గంటల పైనే పట్టింది, రెండు రాత్రులు. ఇది చూసి ఎవరూ ఇంట్లో మొదలుపెట్టకండి. ఇట్లా విడిగా నింపేటప్పుడు బీఎంఎస్ ఆపలేదు, మనిషి పక్కనే కూర్చోవాలి. చేతికి ఉంగరం, కడియం ఉండకూడదు, పానాకు టేపు చుట్టాలి. సెల్ రెండు కొనలకూ ఇనుము తగిలితే ఎర్రగా కాలిపోతుంది.

పడుగులో పోగులు వదులైతే ఏ సాలె అయినా పోగు సరిచేస్తాడు గానీ భీము కోసి పారేయడు. ఈ సంగతి మామకు మనం చెప్పాల్సి రావడమే నాకు బాధ.

నిన్న మళ్లీ నాలుగు ఫ్యాన్లు, ఆరు లైట్లు వేసి చూశాం. 4 గంటల 50 నిమిషాలు వచ్చింది. చివర్లో అన్ని సెల్లులూ దగ్గర దగ్గరగా పడ్డాయి. రెండు రోజుల అంకెల కాగితాలు నోటీసు బోర్డుకు పెట్టాను, చూడండి. నెలకోసారి నేనే వచ్చి నిండే చివర అంకెలు రాసి పక్కన పెడతా. బ్యాటరీ డబ్బాకు తాళం వేశాం, చెవి కోశాధికారి దగ్గర ఉంది. కొత్త బ్యాటరీకి చందా ఇచ్చినవాళ్లు రసీదు చూపించి ఆయన దగ్గరే వాపస్ తీసుకోండి. మామ రోజూ సాయంత్రం ఆరింటికి హాల్ అరుగు మీద కూర్చుంటాడు. గ్రూపులో రాసినవాళ్లు ఒకసారి పోయి కలవండి.