అమల్ కిటికీ, వార్సా గోడ

నేనుంటున్న ఈ అమెరికా ఊళ్లో యూనివర్సిటీ థియేటర్ విద్యార్థులు మొన్న హోలోకాస్ట్ మీద నాటకం వేశారు. వేదిక మీద తుపాకీ లేదు, నాజీ యూనిఫాం లేదు. వాళ్లు ఆడింది మన టాగూర్ 'డాక్ ఘర్' (పోస్టాఫీసు). 1942 జులై 18న, నాజీలు యూదుల్ని నిర్బంధించిన వార్సా ఘెట్టోలో, యానుష్ కొర్చాక్ నడిపిన అనాథాశ్రమం పిల్లలు ఆడిన నాటకం అదే. ఆ పిల్లలుగా ఈ విద్యార్థులు నటించారు.

నాటకంలో పెరుగమ్మేవాడి వేషం కట్టే కుర్రాడికి కావడి మొయ్యడం చూపించమని నన్ను పిలిచారు. చీపురు కర్రకి చెరోవైపు బకెట్ కట్టి, నీళ్లు పోసి ఇచ్చాను. పాపం, తొణుకుతుందేమోనని బిగుసుకుపోయి నడిచాడు. కావడిబద్ద ఊగనివ్వాలి, ఆ ఊపుకి అడుగు కలవాలి, ఆగితేనే బరువు అని చెప్పాను. కాసేపటికి వాడి భుజం వదులైంది. కిటికీలో కూర్చున్న అమల్ వాడి కేకని అందుకుని తనూ అరిచాడు. నాటకంలో అమల్ జబ్బుపడి గడప దాటకూడదన్న పిల్లాడు, వీధివీధీ తిరిగి పెరుగు అమ్మాలని ఆశపడతాడు. ఆ ఒక్క ఘట్టం కోసమే రిహార్సల్స్‌కి మళ్లీ మళ్లీ వెళ్లాను.

వార్సాలో ఆ గడప, మూడు మీటర్ల గోడ. 1940 నవంబరులో ఘెట్టో దారులన్నీ మూసేశారు. నాలుగు లక్షల పైచిలుకు మందిని మూడు నాలుగు చదరపు కిలోమీటర్లలో కుక్కారు. ఆకలి, టైఫస్. అందులో ఎస్తెర్కా వినోగ్రోన్ అనే అమ్మాయి కొర్చాక్ ఆశ్రమం పిల్లలకి ఈ నాటకం నేర్పి ఆడించింది. చావుని భయపడకుండా ఎదుర్కోవడం పిల్లలకి తెలియాలని కొర్చాక్ ఈ నాటకం ఎంచుకున్నాడంటారు. కాదనను. కానీ చూస్తున్నంతసేపూ నాకు ఇంకొకటి అనిపించింది: ఆ సాయంత్రం ఆ పిల్లలకి ఒక వీధి దొరికింది. కొండలు, ఏరు, పూలమ్మాయి సుధ, రాజుగారి దగ్గర్నుంచి రాబోయే ఉత్తరం, అన్నీ దొరికాయి. నాలుగు రోజులకే, జులై 22న, ట్రెబ్లింకా మరణ శిబిరానికి రైళ్లు మొదలయ్యాయి. ఆగస్టు మొదట్లో దాదాపు 200 మంది పిల్లలతో కొర్చాక్ కూడా రైలెక్కాడు. తప్పించుకునే దారి చూపిస్తామన్నవాళ్లున్నా పిల్లల్ని వదల్లేదు.

అదే 1942 మా విశాఖకీ గుర్తే. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మా అమ్మమ్మ మూటాముల్లె సర్దుకుని, ఎడ్లబండి మీద విజయనగరం దాటి పుట్టింటికి చేరిందిట. ఆంధ్రా యూనివర్సిటీ గుంటూరుకి తరలింది. భయం తగ్గాక అందరూ తిరిగొచ్చారు. మావాళ్లు పారిపోవడానికి దారి ఉంది, తలదాచుకోవడానికి పల్లె ఉంది. మూడు నెలల తర్వాత వార్సా పిల్లలకి ఆ రెండూ లేవు. ఇన్నాళ్లూ అమ్మమ్మ బండి ప్రయాణాన్ని కష్టాల కథగానే విన్నాను. ఇప్పుడు ఆ తెరిచి ఉన్న దారే కళ్లకి కడుతోంది.

ఈ నాటకం రాసిన టాగూర్ మా విశాఖకీ వచ్చారు. 1933 డిసెంబరులో వాల్తేరులోని ఆంధ్రా యూనివర్సిటీలో మనిషి గురించి ఉపన్యాసాలిచ్చారు. హిట్లర్ జర్మనీ ఛాన్సలర్ అయింది ఆ ఏడాది జనవరిలోనే. ఆయన మాట్లాడిన యూనివర్సిటీలో ఇవాళ థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది, ఓపెన్ ఎయిర్ థియేటర్ ఉంది. మా విశాఖలో ఈ నాటకం వార్సా కథతో సహా తెలుగులో ఆడాలని నా కోరిక. పెరుగమ్మేవాడు ఉత్తరాంధ్ర యాసలో కేకెయ్యాలి. అమల్‌నీ సుధనీ జాలరిపేట నుంచో, ఉక్కునగరం నుంచో తీసుకురావాలి. టికెట్ పెట్టకూడదు, బడిపిల్లల్ని ముందు వరసల్లో కూర్చోబెట్టాలి. కరపత్రం మీద టాగూర్ పేరు పక్కనే ఎస్తెర్కా వినోగ్రోన్ పేరు అచ్చెయ్యాలి.